ఫోన్ కొనే ముందు ఊరిని చూడండి

ఉపాధి హామీ పనిలో మేట్ చేతికి ఫోన్ కూడా ఒక పనిముట్టయి కూర్చుంది. 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండు పూటలా కూలీల ఫోటో తీసి, ఆ చోటు గుర్తుతో సహా ఎక్కిస్తేనే హాజరు పడాలన్నది నిబంధన. మైలవరం మండలంలో (కృష్ణా వైపు మైలవరం కాదు, పెన్న మీద డ్యాం ఉన్న మన జమ్మలమడుగు పక్క మైలవరం) కాలవ పూడిక తీసే చోట ఆ ఫోటో తీయాల్సిన మేట్ ఫోన్‌కు 108 మెగాపిక్సెళ్ల కెమెరా ఉంటేనేం, లేకుంటేనేం? ఎండలో స్క్రీన్ కనబడాలి. జీపీఎస్ ఆ గట్టును గట్టుగానే గుర్తుపట్టాలి. రెండో ఫోటో తీసేదాకా చార్జింగ్ నిలవాలి. ఈ మూడింటిలో ఏదీ పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండదు.

ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో సెల్ షాపు కౌంటర్ దగ్గర సంభాషణ మాత్రం ఎప్పుడూ ఒకే తీరుగా సాగుతుంది. "పదైదు వేల లోపల మంచి సెల్లు ఏముందన్నా?" "కెమెరా కావల్నా, గేములు ఆడతావా?" అంతటితో నాలుగు పెట్టెలు కౌంటర్ మీదికి వస్తాయి. ఆ నాలుగింట్లో కంపెనీ ఏ మోడల్ మీద ఆ నెల షాపుకు ఎక్కువ కమీషన్ ఇస్తోందో అది కాస్త ముందుకు జరిగి ఉంటుంది. షాపాయన చేసింది తప్పు అనలేం, వ్యాపారం అంతే. తప్పు ప్రశ్నలో ఉంది. "మంచి సెల్లు" అనేది షాపులో తేలే సంగతి కాదు. అది ఎవరి చేతిలో, ఏ ఎండలో, ఏ టవర్ కింద, ఎన్నేళ్లు బతకాలో తెలిస్తేనే తేలుతుంది.

ఎండ సంగతి

వేసవిలో 40 డిగ్రీలు దాటడం కడప జిల్లాకు వార్త కాదు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడుకోమని ఆపిల్ కంపెనీయే రాసిపెట్టింది. అంటే లక్ష రూపాయల ఫోన్ అయినా మార్చి నుంచి జూన్ దాకా మన దగ్గర తన హద్దు దాటి బతుకుతోందన్న మాట. వేడెక్కితే ఏ ఫోన్ అయినా ముందు చేసే పని వెలుగు తగ్గించుకోవడం, తర్వాత వేగం తగ్గించుకోవడం, ఆ తర్వాత చార్జింగ్ నెమ్మదించుకోవడం. లిథియం బ్యాటరీకి వేడి కన్నా పెద్ద శత్రువు లేదు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీదా, బండి ట్యాంక్ కవర్‌లోనూ మధ్యాహ్నాలు గడిపిన ఫోన్ రెండో ఏడాదికే "పొద్దునే ఫుల్ చార్జింగ్ పెట్టినా పన్నెండుకు దిగిపోతాండాది" అనిపించడం ఇందుకే. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపేసే సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్ల సెట్టింగుల్లో ఉంది. రాత్రంతా చార్జర్‌కు వదిలేసే అలవాటు ఉన్నవాళ్లకు అది నిజంగా పనికొస్తుంది.

కాబట్టి ఇక్కడి కొనుగోలుదారుకు బ్యాటరీ పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న కన్నా ముందు అడగాల్సింది, స్క్రీన్ ఎండకు కనబడుతుందా అని. స్క్రీన్ వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. ప్రకటనల్లో వేలకు వేలు రాసే "పీక్ బ్రైట్‌నెస్" అనేది తెర మీద ఏదో చిన్న భాగం, కొద్దిసేపు, కొన్ని వీడియోల్లో మాత్రమే చేరే అంకె. చూడాల్సింది "హై బ్రైట్‌నెస్ మోడ్" పక్కన రాసిన అంకె. అది వెయ్యి దగ్గరకు ఉంటే పొలంలో నిలబడి మెసేజీ చదువుకోవచ్చు. ఐదారు వందల దగ్గర ఆగిపోయే చవక ఎల్‌సీడీ తెరలకు అరచేయి అడ్డం పెట్టుకోక తప్పదు. అంకెలతో పేచీ వద్దనుకుంటే అంతకన్నా సులువైన పని ఒకటుంది. డెమో ఫోన్ పట్టుకుని షాపు గడప దాటి రెండడుగులు ఎండలోకి రావడం. షాపాయన వెంటే వస్తాడు, రానివ్వండి. చల్లటి ట్యూబులైట్ల కింద అన్ని తెరలూ అందంగానే ఉంటాయి.

దుమ్ము రెండోది. ఎర్రగుంట్ల వైపు నాపరాతి పాలిషింగ్ యూనిట్లలోనో సిమెంటు ఫ్యాక్టరీల్లోనో పనిచేసేవాళ్ల ఫోన్లు రిపేరుకు వస్తే చాలావరకు చార్జింగ్ పిన్‌లో, స్పీకర్ జల్లెడలో సన్నపొడి గడ్డకట్టి ఉంటుంది. ఫోన్ల మీద రాసే ఐపీ రేటింగులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోదు. 5 అంటే కాస్త పోయినా పని ఆగదు. ఐపీ54, ఐపీ64 అని రాసిన రెండు ఫోన్లు ఒకే ధరకు దొరుకుతుంటే రాళ్ల పని చేసే మనిషి రెండోదాన్నే తీసుకోవాలి. "వాటర్‌ప్రూఫ్" అన్న మాట ఒక్కటే రాసి అంకె రాయలేదంటే ఆ మాటకు విలువ లేదు. అన్నట్టు, నీళ్లు పోయి చెడిపోతే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు, రేటింగ్ ఉన్నా సరే.

ఇదే వరసలో వేలిముద్ర. రాయి, సిమెంటు, సున్నంతో పనిచేసే చేతులకు ముద్రలు అరిగిపోతాయి. రేషన్ దగ్గర, బ్యాంకు దగ్గర పడని వేలు ఫోన్ దగ్గర మాత్రం ఎందుకు పడుతుంది? అలాంటివాళ్లు తెర లోపలి ఫింగర్‌ప్రింట్ కోసం రెండు వేలు ఎక్కువ పెట్టడం దండగ. దానికి ఇంకో చిక్కు కూడా ఉంది. అమోలెడ్ తెర పగిలినప్పుడు ఖర్చు తగ్గుతుందని కాపీ ఎల్‌సీడీ వేయించుకుంటే ఆ లోపలి ఫింగర్‌ప్రింట్ ఇక పనిచేయదు. వెలుతురు తెరలోంచి దూరి వేలిని చూడాలి కదా, ఎల్‌సీడీ వెనక పొర దాన్ని ఆపేస్తుంది. పక్క బటన్‌లో ఉండే ఫింగర్‌ప్రింట్‌కు ఆ బెడద లేదు.

బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి గండికోటకు మ్యాపు పెట్టుకుని పోయే కుర్రాళ్లకు ఒక మాట. బైకుల ఇంజిన్ అదురుకు కెమెరాలోని స్థిరీకరణ యంత్రం (ఓఐఎస్) దెబ్బతినొచ్చని ఆపిల్ 2021 సెప్టెంబరులోనే హెచ్చరించింది. ఓఐఎస్ ఉన్న ఏ కంపెనీ ఫోన్‌కైనా ఇదే వర్తిస్తుంది. అదురు తగ్గించే మౌంట్లు దొరుకుతాయి. లేదా జేబులో పెట్టుకుని చెవిలో దారి వినండి.

5జీ అని రాసి ఉన్నంత మాత్రాన

దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. అప్పటినుంచి పెట్టె మీద "5జీ" లేని ఫోన్ అమ్మడం షాపులకు కష్టమైంది. కానీ 5జీలో రెండు రకాలున్నాయి. ఒకటి పాత 4జీ నెట్‌వర్కును ఊతగా పట్టుకుని నడిచేది, దాన్ని ఎన్‌ఎస్‌ఏ అంటారు. రెండోది ఏ ఊతా లేకుండా నడిచేది, ఎస్‌ఏ. జియో మొదటినుంచీ ఎస్‌ఏ పద్ధతిలో వెళ్లింది, ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏతో మొదలుపెట్టింది. ఈ తేడా మనకెందుకంటే, 2024 నవంబరులో రెడ్‌మీ ఎ4 5జీ అనే ఫోన్ 8,499 రూపాయల ప్రారంభ ధరకు వచ్చింది. ఆ ధరకు 5జీ అంటే జనం ఆశగా చూశారు. అందులోని చిప్ ఎస్‌ఏ ఒక్కదాన్నే పట్టుకోగలదు. ఎయిర్‌టెల్ సిమ్ వేసినవాళ్లకు అది 4జీ ఫోనుగానే మిగిలింది. కంపెనీ దాచలేదు, చిన్నక్షరాల్లో చెప్పింది. కానీ కౌంటర్ దగ్గర చిన్నక్షరాలు చదివేదెవరు?

ఊళ్లలో ఉండేవాళ్లు అడగాల్సిన రెండో ప్రశ్న బ్యాండ్ల గురించి. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలను బాగా దాటుతాయి. 2022 వేలంలో ఆ తరంగాలను కొన్నది జియో ఒక్కటే. ఫోన్ వివరాల్లో దాన్ని ఎన్28 అని రాస్తారు. జియో సిమ్ వాడుతూ, టవర్‌కు దూరంగా మైలవరం పక్క పల్లెల్లో ఉండే మనిషికి ఆ బ్యాండ్ లేని ఫోన్ సగం పనికే వస్తుంది.

ఇవన్నీ చూసి కొన్నాక కూడా ఇంట్లోకి పోగానే సిగ్నల్ పోతుందా? రాతిగోడల పాత మిద్దెల్లో అది మామూలే. ఫోన్ మార్చి లాభం లేదు. ఇంట్లో ఏపీ ఫైబరో మరో బ్రాడ్‌బ్యాండో ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోండి. ఎయిర్‌టెల్ 2019 చివర్లో, జియో 2020 జనవరిలో దీన్ని తెచ్చాయి. సెట్టింగుల్లో ఒక మీట నొక్కితే కాల్ టవర్‌కు బదులు ఇంటి వైఫై మీద పోతుంది, అదనపు చార్జీ ఉండదు. కొత్త ఫోన్ కొందామని బయల్దేరినవాళ్లలో కొందరి సమస్య ఈ మీటతోనే తీరిపోతుందని నా అనుమానం.

ఎవరికి ఏది

పులివెందుల చీనీ తోటల్లో మోటారును ఇంటినుంచే ఆన్ చేసే మొబైల్ ఆటో స్టార్టర్లు చూసే ఉంటారు. అందులో ఒక సిమ్ ఉంటుంది, దానికి ఫోన్ చేస్తే మోటారు తిరుగుతుంది. ఆ ఫోన్ చేయడానికి కీప్యాడ్ సెల్లు చాలు, వారం చార్జింగ్ అక్కర్లేదు, కిందపడితే దులుపుకుని లేస్తుంది. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోన్ ఉన్నప్పుడు తోట దగ్గరి మనిషికి ఇంకొకటి ఎందుకు? ఈ మాట ఏ ప్రకటనా చెప్పదు కాబట్టి పత్రిక చెప్పాలి.

ప్రొద్దుటూరు కథ వేరు. బంగారం, బట్టల వ్యాపారం మీద నడిచే ఊరు. ఇప్పుడు చీర కౌంటర్ మీద పరచకముందే వాట్సాప్ స్టేటస్‌లో పరుస్తున్నారు. ఇంటి దగ్గర చీరలమ్మే ఆడవాళ్లు ఫోన్ కొనేటప్పుడు ఎన్ని కెమెరాలున్నాయని లెక్కపెడుతుంటారు. వెనక మూడు కళ్లున్నా వాటిలో 2 మెగాపిక్సెళ్ల "డెప్త్", "మాక్రో" అనేవి వరస నింపడానికి పెట్టినవే. జరీ పోగు కనబడాలన్నా, నెక్లెస్ రాళ్లు తేలాలన్నా మెయిన్ కెమెరానే కాస్త దూరంగా పెట్టి రెండింతలు జూమ్ చేస్తే వచ్చే బొమ్మ ఆ మాక్రో కన్నా మేలు. అసలు గొడవ రంగులది. అమోలెడ్ తెరలు పెట్టెలోంచి తీయగానే "వివిడ్" మోడ్‌లో ఉంటాయి, వంగపండు రంగు ఊదాగా, ఆకుపచ్చ చిలకపచ్చగా కొడుతుంది. అమ్మే ఆమె తన తెర మీద చూసి సరిగ్గానే ఉందనుకుంటుంది. కొన్నామె చీర చేతికొచ్చాక "ఫోటోలో ఈ రంగు కాదక్కా" అని వెనక్కి పంపుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో "నేచురల్" పెట్టుకుని, కిటికీ వెలుతురులో ఫోటో తీస్తే వాపసులు తగ్గుతాయి. దీనికి ఇరవై వేలు దాటాల్సిన పనిలేదు.

అంగన్‌వాడీ కార్యకర్తల అవసరం మళ్లీ ఇంకో రకం. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే పౌష్టికాహారానికి పోషణ్ ట్రాకర్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. చీకటి గదిలో బాలింత ముఖం పట్టుకోవాలి, నెట్ నెమ్మదిగా ఉన్నా యాప్ ఆగకూడదు. ఇక్కడ గెలిచేది ర్యామ్, చిప్. సొంత డబ్బుతో ఫోన్ కొనుక్కునేవాళ్లు ఎవరైనా ఇలాంటి ప్రభుత్వ యాప్‌లతో రోజంతా కుస్తీ పట్టాల్సి ఉంటే 4 జీబీ ర్యామ్ వైపు చూడొద్దు. 6 తక్కువలో తక్కువ, 8 నిశ్చింత. "8+8, మొత్తం 16 జీబీ" అని స్టిక్కరు ఉంటే రెండో 8ని కొట్టేసి చదవండి. అది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్న చోటు, అసలు ర్యామ్ వేగంలో చిన్నముక్క కూడా దానికుండదు. స్టోరేజీలో కూడా ఈఎంఎంసీ అని ఉంటే పాతకాలపు నెమ్మది రకం, యూఎఫ్‌ఎస్ అని ఉంటే వేగం. చవక ఫోన్ ఏడాదికే మొరాయించడానికి చాలాసార్లు కారణం ఈ మెమరీయే, పాపం చిప్‌ను తిడతారు.

ఇంటర్ చదివే పిల్లలకు పీడీఎఫ్‌లు, వీడియో పాఠాలు. తెర పెద్దదై, 128 జీబీ ఉండి, మెమరీ కార్డు వేసుకునే సందు ఉంటే చాలు. అమ్మానాన్నలకైతే స్పీకర్ గట్టిగా మోగాలి, అక్షరాలు పెద్దవి చేసినా స్క్రీన్ చిందరవందర కాకూడదు. గూగుల్ 2017లోనే తెలుగులో మాట చెబితే టైపయ్యే సదుపాయం తెచ్చింది, దాన్ని కొన్న రోజే ఆన్ చేసి నేర్పండి. మీసేవ చుట్టూ తిరిగే పనులు కొన్ని 2025 జనవరి 30న మొదలైన "మన మిత్ర" వాట్సాప్ నంబరు 9552300009లోనే అయిపోతున్నాయి. వాట్సాప్ నడిచే ఏ ఫోనైనా దీనికి సరిపోతుంది.

ఏడాదికి ఎంత పడింది?

ధరను ఏళ్లతో భాగించి చూసే అలవాటు ఎద్దుల బేరంలో ఉంది, ఫోన్ బేరంలో ఇంకా రాలేదు. పదివేల ఫోన్ రెండేళ్లు నడిస్తే ఏడాదికి ఐదు వేలు. 2024 అక్టోబరులో శాంసంగ్ గెలాక్సీ ఎ16 5జీ దాదాపు 19 వేలకు వచ్చింది, ఆరేళ్లు సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. ఆరేళ్లు వద్దు, నాలుగేళ్లు వాడినా ఏడాదికి 4,750. అలాగని అదే కొనమని కాదు. అందులో చిప్ గేములాడేవాళ్లకు చాలదు. అప్‌డేట్ ఎన్నేళ్లు అన్నది అడగాల్సిన ప్రశ్న అని చెప్పడానికే ఈ లెక్క. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో ఫోన్‌పే, బ్యాంకు యాప్ పెట్టుకోవడం గొళ్లెం లేని ఇంట్లో బీరువా పెట్టుకోవడం లాంటిది.

"ఆర్నెల్లు ఆగితే తగ్గుతుంది" అన్న పాత లెక్క కూడా ఇప్పుడు తప్పుతోంది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొంటుండటంతో 2025 చివరినుంచి ర్యామ్ ధరలు పెరిగాయి, ఫోన్ కంపెనీలు ఆ భారాన్ని మన మీదికి తోశాయి. దానిపైన 2020 ఏప్రిల్ నుంచి ఉన్న 18 శాతం జీఎస్టీ అలాగే ఉంది. విశాఖలో 2015 ఆగస్టులో రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసినప్పుడు, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన ఆ ఫోన్ ధర 6,999. మన రాష్ట్రంలోనే తయారైన ఫోన్ అని గొప్పగా చెప్పుకున్నాం. బిగింపు ఇక్కడే అయినా మెమరీ చిప్ బయటినుంచే రావాలి, ధర అక్కడే తేలుతుంది.

ఇక కిస్తీలు. "జీరో వడ్డీ" బోర్డు లేని షాపు లేదు. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. లెక్క వేసి చూద్దాం. బోర్డు మీద 18,000 ఉన్న ఫోన్‌ను రొక్కమిస్తే 17,000కు ఇస్తారనుకుందాం. కిస్తీకైతే నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు, ప్రాసెసింగ్ ఫీజు 500, దాని మీద జీఎస్టీ 90. మొత్తం 1,590 ఎక్కువ కడుతున్నారు. అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి మన ఊరి లెక్కలో అది నూటికి రెండున్నర రూపాయల పైచిలుకు వడ్డీ. ప్రొద్దుటూరులో ఆ వడ్డీకి ప్రామిసరీ నోటు రాయమంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు, ఫోన్ కౌంటర్ దగ్గర మాత్రం ఓటీపీ చెప్పేస్తారు. కిస్తీ తప్పితే సిబిల్ స్కోరు పడుతుంది, రేపు పంట రుణానికో ట్రాక్టర్ లోనుకో పోయినప్పుడు ఆ మూడు వేల కిస్తీ అడ్డం నిలబడుతుంది. కిస్తీ తప్పనిసరైతే అడగాల్సింది ఒకటే: "రొక్కానికి ఎంతకిస్తావు?" ఆ అంకెకూ, కిస్తీలూ ఫీజులూ కలిపి మీరు కట్టే మొత్తానికీ మధ్య తేడాయే మీ వడ్డీ.

పగిలితే, పోతే

కొనే రోజే తెర మార్చడానికి ఎంతవుతుందో అడగండి. కంపెనీల వెబ్‌సైట్లలో మోడల్ వారీగా ధరలుంటాయి. అధీకృత సర్వీసు సెంటరు ప్రొద్దుటూరులో ఉందా, కడపకు పోవాలా, తిరుపతికి పంపాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. కొత్తగా వచ్చిన బ్రాండ్ చవకగా ఇస్తోందంటే, ఏడాది తర్వాత దాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయన్నది మీ తలనొప్పి అవుతుంది. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం ఉంది, మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా ఏడేళ్లు విడిభాగాలు దొరకాలి, 800 సార్లు చార్జింగ్ అయ్యాక కూడా బ్యాటరీ 80 శాతం నిలవాలి. మన దగ్గర ఫోన్లకు రిపేరు సూచిక ఇవ్వాలన్న నివేదిక 2025 మేలో కేంద్రానికి అందింది. అది పెట్టెల మీదికి వచ్చేదాకా మీ బజారులో రిపేరు చేసే కుర్రాడే మీ సూచిక. "ఏ సెట్టుకు సామాన్లు తొందరగా దొరుకుతాయి?" అని అతన్ని అడిగితే సగం బ్రాండ్లు అక్కడే రాలిపోతాయి.

సెకండ్‌హ్యాండ్ కొనడం తప్పేం కాదు, రెండేళ్ల నాటి మంచి ఫోన్ కొత్త చవక ఫోన్ కన్నా చాలాసార్లు మేలు. డబ్బులిచ్చే ముందు *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. 2023 మేలో మొదలైన సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరు పెట్టి చూస్తే అది బ్లాక్ అయిన ఫోనో కాదో తెలుస్తుంది. పాత యజమాని గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాత సెట్టింగుల్లోంచి రీసెట్ చేసింది మీ కళ్లతో చూడండి. ఖాతా తీయకుండా బటన్లు నొక్కి రీసెట్ చేసిన ఫోన్ ఆన్ కాగానే పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది, అది లేకపోతే చేతిలో మిగిలేది అద్దం ముక్కే. కొత్తదైనా పాతదైనా బిల్లు మీద ఐఎంఈఐ రాయించుకోండి. సంతలో జారిపోతే పోలీసు ఫిర్యాదుకూ, అదే పోర్టల్‌లో ఫోన్‌ను బ్లాక్ చేయించడానికీ ముందు అడిగేది ఆ నంబరునే.